రెండో పీట

"ఒకటే ఉందేంటి?"

అటక మీంచి రత్నమాల గొంతు దుమ్ముతో సహా కిందికి దిగింది. నిచ్చెన పట్టుకుని నిలబడ్డ కామరాజు తల ఎత్తలేదు.

"బావగారూ, మిమ్మల్నే అడుగుతున్నా. పెళ్లి పీట ఒకటే ఉంది ఇక్కడ. రెండోదేదీ?"

"వెనకాల చూడు."

"వెనకాలా చూశాను, గంగాళం కిందా చూశాను. ఈమధ్య చెక్కల కోసం ఈ అటకంతా దేవులాడింది మీరేగా. మీకు తెలీకుండా ఎక్కడికి పోతుంది?"

నిచ్చెన మెట్టు మీద మేకొకటి పైకి లేచి ఉంది. కామరాజు దాన్ని బొటనవేలితో నొక్కుతూ ఉండిపోయాడు. వేలికి గుచ్చుకుంటోంది కానీ తియ్యలేదు.

"దిగమ్మా ముందు. పడతావు."

"పీట దొరికితే గానీ దిగను. రేపు పొద్దున్నే మన సుమని పెళ్లికూతుర్ని చెయ్యాలి. ఈపాటికి రెండు పీటలూ కడిగి పసుపు రాసి ఎండలో పెట్టాల్సింది."

"అది లేదు."

"లేకపోవడమేంటి?"

"వాడేశాను."

నిచ్చెన మీద ఒక్కొక్క పాదమే కిందికి దిగింది. తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి రత్నమాల అతని ఎదురుగా నిలబడింది.

"వాడెయ్యడమేంటండీ? అదేమన్నా సబ్బా అరిగిపోడానికి?"

"కుర్చీకి వేశాను. కూర్చునే చెక్క చెదలు తినేసిన కుర్చీ ఒకటి బాగుచెయ్యడానికి వచ్చింది. పనస కుర్చీ. పనసకి పనసే కలుస్తుంది. టింబర్ డిపోలో దొరికే కొత్త చెక్క వేస్తే ఎండలు రాగానే బీటలిస్తుంది. పాత చెక్కకి పాత చెక్కే వెయ్యాలి."

"పెళ్లి పీటని... కోశారా?"

"కూర్చునే చెక్కని కూర్చునే చెక్కగానే వేశాను. పొయ్యిలో పెట్టలేదు."

ఆ ఇంట్లో కూర్చోడానికి చోటుకి కరువు లేదు. వరండా నిండా కుర్చీలే. ఒకదానికి చెయ్యి లేదు, ఒకదానికి నవారు లేదు, ఇంకోటి కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. రత్నమాల వాటి జోలికి పోకుండా గచ్చు మీద కూలబడింది. తమ్ముడి భార్య. తమ్ముడు పోయినప్పుడు కూడా ఇలాగే, ఇదే గచ్చు మీద కూలబడింది. ఆనాడు పక్కన నిలబడ్డదీ కామరాజే. ఏం చెయ్యాలో అప్పుడూ తెలీలేదు.

"తాతగారు పెరట్లో పనసచెట్టు కొట్టించి చేయించిన పీటలండీ. అంబాజీపేట నుంచి బస్సు టాపు మీద వేసుకుని మీరే తెచ్చారు."

"నేనే తెచ్చాను."

"కోసిందీ మీరే."

కామరాజు నిచ్చెన మడిచి గోడకి ఆనించాడు. రత్నమాల లేచి లోపలికెళ్ళింది. ఫోన్ నంబరు నొక్కిన చప్పుడు వినిపించింది. ఎవరికో అతనికి తెలుసు.

* * *

చిన్న తమ్ముడు కేదార్ సోమాజిగూడలో ఆఫీసు నుంచి అలాగే వచ్చేశాడు. మెళ్ళో గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ వరండా మెట్లెక్కాడు.

"ఏంటన్నయ్యా ఇది? వదిన ఫోన్లో ఏడుస్తోంది. మీటింగ్ మధ్యలోంచి లేచొచ్చాను."

"కూర్చో."

"ఎక్కడ కూర్చోమంటావు? ఏ కుర్చీలో ఏ ఇంటి పీట ఉందో ఎవరికి తెలుసు?"

కామరాజు నవ్వలేదు. టేకు బీరువా తలుపొకటి అడ్డంగా పడుకోబెట్టి ఉంది. దాని ముందు గొంతుక్కూర్చుని ఉప్పుకాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. పాత రంగు పొట్టులా రాలుతోంది.

పంజగుట్టలోనూ అమీర్‌పేటలోనూ పాత ఇళ్ళు కూలగొట్టి అపార్టుమెంట్లు లేపుతున్న రోజులవి. కంప్యూటర్ కోర్సులకి వచ్చే పిల్లలకి ఇనప మంచాలూ ప్లాస్టిక్ కుర్చీలూ చాలు. తాతల నాటి బీరువాలూ భోషాణాలూ రోడ్డున పడ్డాయి. పాత సామాన్లవాళ్ళు వాటిని కట్టెల కింద తూచి అమ్ముతుంటే కామరాజు ఇంటికి మోసుకొచ్చేవాడు. ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే పని అతనిది. ఆ పనిని కంప్యూటర్ తినేసింది. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడికి వేరే కుర్చీ ఎవరిస్తారు? విరిగినవి తెచ్చి తనే బాగుచేసుకోవడం నేర్చుకున్నాడు. వాటిని కొనేవాళ్ళు తక్కువ. చూసి ఎంత బాగుందోనని వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువ.

"రుద్దుడు ఆపు. మాట్లాడుతున్నానా?"

ఆపాడు.

"అది ఒట్టి చెక్క కాదు. ఆ పీట మీద నాన్న కూర్చున్నాడు. చిన్నన్నయ్య కూర్చున్నాడు. నేను కూర్చున్నాను..."

కేదార్ అక్కడ ఆగాడు. ఆగకుండా ఉంటే సరిపోయేది.

"ఆగిపోయావేం? చెప్పు. నేను కూర్చోలేదు. అదేగా."

"నేనలా అన్లేదు."

"అనకుండానే అన్నావు. చదువుకున్నవాడివి."

"ప్రతిదానికీ చదువు తీసుకురాకు. నన్ను నువ్వే చదివించావు, ఒప్పుకుంటాను. సుమని నువ్వే పెంచావు, అదీ ఒప్పుకుంటాను. కానీ నిశ్చితార్థం రోజున కన్యాదానానికి దంపతులుండాలని పంతులుగారు అన్న దగ్గర్నుంచీ నీ మొహం మొహంలా లేదు. నేనూ రాగసుధా కూర్చోవడం నీకిష్టం లేదు. ఇష్టం లేకపోతే నోటితో చెప్పాలి. రంపంతో కాదు."

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

ఆ రోజు పంతులుగారు తప్పేమీ అనలేదు. తల్లికి భర్త లేడు. పెదనాన్నకి భార్య లేదు. పిల్లని ధారపోయడానికి జంట కావాలి. ఉన్నది కేదారూ రాగసుధే. పిల్లకి జ్వరమొస్తే ఆస్పత్రికి భుజాన వేసుకుని పరిగెత్తినవాళ్ళు కూర్చోవాలని శాస్త్రంలో లేదు. కామరాజు ఆనాడు గోళ్ళలో ఇరుక్కున్న లక్క గీక్కుంటూ తల ఊపాడు. ఆ తల ఊపడాన్నే ఇప్పుడు తమ్ముడు తిరగేసి చూపిస్తున్నాడు.

"నేను కుళ్ళుతో కోశానంటావు."

"ఇంకెందుకు కోశావో నువ్వే చెప్పు."

"మహిమ గల పీట అంటున్నావు కదరా. దాని మీద కూర్చుని మీ చిన్నన్నయ్య ఏం బావుకున్నాడు? కూతురు నాలుగక్షరాలు దిద్దేలోపే పోయాడు. అలాంటి పీట ఉంటే ఎంత, ఊడితే..."

కేదార్ అతని వైపు చూడటం లేదు. అతని వెనక్కి చూస్తున్నాడు.

కామరాజు తిరిగాడు. గుమ్మంలో రత్నమాల రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో నిలబడి ఉంది.

ఆవిడ వచ్చి ఒక గ్లాసు కేదార్‌కిచ్చింది. రెండోది చప్పుడు కాకుండా బీరువా తలుపు మీద పెట్టింది. చెక్క మీద వేడి గ్లాసు పెడితే మచ్చ పడుతుందని ఆ ఇంట్లో అందరికంటే ఆవిడకే బాగా తెలుసు.

"తాగండి బావగారూ. చల్లారిపోతుంది."

వెళ్ళిపోయింది.

టీ తాగకుండానే కేదార్ మెట్లు దిగాడు. గేటు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయాడు. గేటు అవతల స్కూటీ దిగి సుమశ్రీ నిలబడి ఉంది. పెళ్లి కార్డుల సంచి చేతిలోనే ఉంది. ఆమె వచ్చి ఎంతసేపయిందో ఎవరూ అడగలేదు. మొహం చూస్తే తెలుస్తోంది.

"బాబాయ్, నువ్వు ఆఫీసుకెళ్ళు."

"నీకేం తెలుసని..."

"తెలిసినంత తెలిసింది. నువ్వెళ్ళు."

సుమశ్రీ అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతుంది. నిలబడ్డ చోట నుంచి కదలకుండా గది మొత్తాన్ని ఊరుకోబెట్టడం అక్కడే అలవాటైంది. కేదార్ కారు వెళ్ళిపోయాక ఆమె వచ్చి, కామరాజు ఎదురుగా చెయ్యి లేని కుర్చీలో కూర్చుంది.

"పెదనాన్నా, పీట పోతే పోయింది. కొత్తది కొనుక్కుంటాం. నాకు దాని మీద పట్టింపు లేదు."

కామరాజుకి ఊపిరి ఆడింది.

"నాకొకటే కావాలి. ఎందుకు కోశావు?"

"మీ అమ్మకి చెప్పాను కదమ్మా. పనసకి పనసే..."

"అది అమ్మకి చెప్పు. వెనక రేకుల కింద పనస తలుపుంది. బల్కంపేటలో ఇల్లు పడగొడుతుంటే నువ్వూ నేనూ ఆటోలో పెట్టుకుని తెచ్చాం. దారిపొడుగునా నా కాళ్ళు దాని కిందే ఉన్నాయి. చేతికందే ఆ తలుపు ముట్టుకోకుండా అటకెక్కి మరీ పీట దింపావు. ఎందుకు?"

అతను టీ గ్లాసు ఎత్తాడు. కింద తెల్లటి చక్రం పడింది. దాన్ని తువ్వాలుతో తుడిచాడు. పోలేదు.

"బాబాయి అన్నదే నిజమైతే నిజమని చెప్పెయ్. నాలుగు రోజులు ఏడుస్తాను, తర్వాత మర్చిపోతాను. అది కాకపోతే ఏది నిజమో చెప్పు. నాన్నని కూడా లాగి మాట్లాడి, ఆఖరికి నాకూ ఏమీ చెప్పకుండా కూర్చుంటే మాత్రం, మండపంలో నీ మొహం చూడ్డం నా వల్ల కాదు. రావద్దు."

"సుమా!"

"రావద్దంటే రావద్దనే."

"కుర్చీ వెనక్కి తెస్తాను. చెక్క విప్పి ఇచ్చేస్తాను."

"కుర్చీ ఎవరిది?"

కామరాజు చెప్పులు వేసుకున్నాడు.

"పెదనాన్నా, ఎవరిదని అడిగాను."

గేటు గడియ తీసిన చప్పుడే ఆమెకి వచ్చిన జవాబు.

* * *

పంజగుట్ట నుంచి అమీర్‌పేటకి షేర్ ఆటోలు వరసగా పోతున్నాయి. కామరాజు నడిచే వెళ్ళాడు. తొందరగా చేరడం అతనికి ఇష్టం లేదు.

అమీర్‌పేట కూడలి దాటాక పేవ్‌మెంట్ మీద కుర్రాళ్ళు వచ్చేపోయేవాళ్ళ చేతుల్లో కరపత్రాలు కుక్కుతున్నారు. జావా, ఒరాకిల్, టెస్టింగ్, నూరు శాతం ఉద్యోగం. ముందు నడుస్తున్నవాడికి ఇచ్చారు. వెనక వస్తున్న అమ్మాయికి ఇచ్చారు. మధ్యలో కామరాజు కనపడగానే చాచిన చెయ్యి వెనక్కి పోయింది. ఊళ్ళో ఇంతమందికి భవిష్యత్తు పంచుతున్నారు, కాగితం ముక్కయినా అతనికి మిగల్లేదు.

నాలుగో సందులో ఆడపిల్లల హాస్టల్. గేటు మీద "పురుషులకు ప్రవేశం లేదు" అని ఎర్ర రంగుతో రాసి ఉంది. గేటు లోపల, వేపచెట్టు నీడలో ఆ కుర్చీ. దానిలో హాస్టల్ నడిపే వసుమతి కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

ఆ కుర్చీ వాళ్ళమ్మది. వేసవి మొదట్లో ట్రాలీ ఆటోలో వేయించుకుని తనే అతని ఇంటికి తెచ్చింది. వారంలో అయ్యే పని అది. కామరాజు వర్షాలు పడేదాకా సాగదీశాడు. ఎందుకంటే పని ఎందాకా వచ్చిందో చూడ్డానికి, సుమ పాఠాలకి వెళ్ళిన వేళల్లో, ఆవిడ వచ్చేది. మేకుల డబ్బా బోర్లించుకుని కూర్చునేది. ఏ పిల్ల ఇంటర్వ్యూ పోయి ఏడ్చిందో, ఏ పిల్ల సబ్బు ఏ పిల్ల వాడేసిందో చెప్పేది. మధ్యలో, గిదేం చెక్క, గా వాసన దేనిది, గట్లెందుకు రుద్దుతున్నరు అని అడిగేది. అతని చేతుల్లో ఉన్న పని గురించి అంతకు ముందు ఎవరూ ఏమీ అడగలేదు. వాసన భరించలేకపోతున్నామని అన్నారు, అంతే.

"ఏం సారూ, గీ ఎండల వచ్చిన్రు? పెండ్లి పనులు లేవా ఇంట్ల?"

"ఉన్నాయి. ఊరికే... కుర్చీ ఎలా ఉందో చూద్దామని."

"కుర్చీకేమైంది? మస్తుగున్నది. మా పోరిలు నేను లేసినప్పుడల్లా ఉరికొచ్చి కూసుంటున్నరు. తిట్టి లేపుతున్న."

గేటు ఓరగా తీసి ఉంది. కామరాజు గీత దాటకుండా బయటే నిలబడ్డాడు. ఆవిడ గేటు దగ్గరికి కుర్చీ జరుపుకుని మళ్ళీ కూర్చుంది. అతను వంగి, కుర్చీ ముందు కాలు పట్టుకుని కదిపి చూశాడు. కదల్లేదు. కదిలితే బాగుండుననిపించింది.

"చెక్క ఒకసారి విప్పాలండీ."

"ఎందుకు? మంచిగనే ఉన్నదంటున్న గదా."

"ఇంతకంటే మంచిది వేస్తాను."

"ఇంతకంటె మంచిది నాకెందుకు? గిదే పానం లెక్కున్నది." చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టింది. "మొఖం గట్లున్నదేంది? ఎవ్వలన్న ఏమన్న అన్నరా? జర సక్కగ చెప్పున్రి."

"ఆ చెక్క..." గొంతు సవరించుకున్నాడు. "అది మా ఇంటి పెళ్లి పీట. ఇప్పుడు పెళ్లికి కావాలంటున్నారు."

వసుమతికి ముందు నవ్వొచ్చింది. "అయ్యో సారూ, పెండ్లి పీట తెచ్చి నాకు బిగిచ్చిన్రా? మీ ఇంటోళ్ళు తంతరు మిమ్ముల..."

నవ్వు సగంలో ఉండగానే ఆవిడ లేచి నిలబడింది. రెండడుగులు వెనక్కి వేసింది. కుర్చీ వైపు చూసింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, సర్దడానికి ఏమీ లేకపోయినా.

"మీ ఇంటి పెండ్లి పీటనా?"

"ఊఁ."

"నీ కాడ వేరే చెక్క లేకుండెనా?"

మీరు పోయి నువ్వు వచ్చింది. ఎన్నాళ్ళ నుంచో వినాలనుకున్న పిలుపే. ఇలా వినాలనుకోలేదు.

"పాత చెక్కకి పాత చెక్కే..."

"చెక్క ముచ్చట అడుగుతలేను. మీ ఇంట్ల చెక్కలు నేను సూడనివా? ఎన్నిమార్ల వచ్చిన. అడుగు పెట్ట జాగ లేకుండె, గన్ని చెక్కలు. అండ్లకెల్లి గీ పీటే ఎందుకేసినవ్?"

లోపల ఎవరో అమ్మాయి బకెట్‌లో నీళ్ళు పట్టుకుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది.

"నేను రోజు గిండ్ల కూసుంటుంటే, నువ్వు గా సందు మొగదలకెల్లి చూసుకుంట పోయేటోనివి. లోపట్కి రావు, ఒక్క మాట మాట్లాడవు. చెప్పు, మనసుల ఏమనుకున్నవ్?"

"ఏమీ అనుకోలేదు."

"అబద్ధం."

అతను గేటు ఊచ పట్టుకున్నాడు. ఎండకి కాలిపోతోంది.

"నన్నొకడు పీట మీద కూసోబెట్టిండు, ఏడాది తిరగకముందే ఇడిచిపెట్టి పోయిండు. వాడు మంచోడు గాదు. కానీ గా మంచిగ లేనోడు సుత ఇంటికొచ్చి, మా అవ్వను అడిగి కూసోబెట్టిండు. నువ్వు అడగనన్న అడగలే. నాకు తెల్వకుంటనే..." ఆవిడ గొంతు సన్నబడింది. "గంత ఎర్రిదాని లెక్క కనవడ్డనా?"

"లేదు. అలా అనుకోకండి. నేను..."

"నువ్వు?"

కామరాజు నోరు తెరిచాడు. యాభై దాటినవాడు, ఎవరితోనూ ఎప్పుడూ అనని మాట ఎలా మొదలవుతుందో తెలీక తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచాడు.

వసుమతి కోపం ఎందుకో తగ్గింది. మెల్లగా అంది. "ఎందుకేసినవో నోటితోని చెప్పు. ఒక్కసారి చెప్పు, చాలు. అటెంకల తీస్కపోతవో, ఉంచుతవో, నేనేమన."

సందు మలుపులో స్కూటీ చప్పుడైంది. కామరాజు తిరిగి చూడక్కర్లేదు. ఆ స్కూటీ బ్రేకు కీచుమనడం అతనికి తెలుసు.

"నువ్వు చెప్పవని తెలుసు పెదనాన్నా. అందుకే నీ వెనకాలే వచ్చాను."

సుమశ్రీ హెల్మెట్ తీసింది. గేటు లోపల నిలబడ్డావిడని చూసింది, కుర్చీని చూసింది.

"నువ్వేనా సుమవు?" అంది వసుమతి. "రా బిడ్డా. నీ ముచ్చట చెప్పని దినం లేదు మీ పెదనాయన."

"నమస్తే అండీ. సారీ, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాం. పెదనాన్నా, ఇంట్లో అడిగిందే మళ్ళీ అడుగుతున్నా. ఎందుకు కోశావు?"

"నేను సుత గదే అడుగుతున్న," అంది వసుమతి.

గేటుకి అటు ఒకరు, ఇటు ఒకరు. ఒక్క మాట చెప్తే ఇద్దరికీ జవాబు అవుతుంది. ఇద్దరికీ కావాల్సిన జవాబు ఒకటే. కానీ పిల్ల ముందు ఆ మాట ఎలా అనడం? ఎత్తుకుని పెంచిన పిల్ల ముందు, ఆమె పెళ్లికి పసుపు కొట్టే పూట, నాకూ ఒకరిని ఆ పీట మీద కూర్చోబెట్టాలనిపించిందమ్మా అని ఏ నోటితో అనడం? నవ్వుతుంది. నవ్వకపోతే జాలిపడుతుంది. ఆ జాలిని అతను భరించలేడు.

"చెక్క దొరక్క వేశాను," అన్నాడు. "అంతే."

"ఆ తలుపు?"

"దానికి చెదలు పట్టింది. నువ్వు చూళ్ళేదు. అటక మీద పీట చేతికి తగిలింది, కొలత సరిపోయింది. ఇంకేం లేదు. కుళ్ళూ లేదు, గిళ్ళూ లేదు. ఎవరి మీదా ఏమీ లేదు."

"నిజంగా?"

"నిజం."

సుమశ్రీ భుజాలు వదులయ్యాయి. హెల్మెట్ పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. "ఆ ముక్క ఇంట్లోనే చెప్పడానికేం పెదనాన్నా! ఇంత రాద్ధాంతం చేశావు. బాబాయికి నేను చెప్తాలే. కానీ అమ్మకి మాత్రం నువ్వే వెళ్ళి చెప్పాలి, నాన్న గురించి అన్నదానికి. పెళ్లిలో నా పక్కనే ఉండాలి నువ్వు, సరేనా?"

"సరే."

సరే అని సుమశ్రీకి చెప్పాడు. కళ్ళు మాత్రం గేటు లోపలికి పోయాయి.

వసుమతి అతని వైపు చూడటం లేదు. చిక్కుడుకాయల గిన్నె తీసి మెట్టు మీద పెట్టింది. కొంగుతో కుర్చీ చెక్క తుడిచింది. రెండు చేతులతో కుర్చీ ఎత్తింది. బరువుకి నడుం వంగింది. సాయం చెయ్యబోయిన కామరాజు చేతికి అందకుండా పక్కనుంచి తెచ్చి, గేటు బయట రోడ్డు మీద దించింది.

"తీస్కపో సారూ. చెక్కనే గదా."

"వసుమతిగారూ..."

"ఇంకేం లేదన్నవు గదా."

గేటు మూసుకుంది. లోపలి నుంచి గడియ పడింది.

మూసుకున్న గేటు వైపు సుమశ్రీ చూసింది. రోడ్డు మీద కుర్చీ వైపు చూసింది. చెక్క మీద చెయ్యి పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరికి నెమ్మదిగా రాసింది. వెనక కాళ్ళ కోసం రెండు మూలలూ గాడి తీసి ఉన్నాయి. ఇక అది పీట కాదు, ఎన్నటికీ కాబోదు. కానీ ఆమె వేళ్ళు ఆ గాడి దగ్గర ఆగలేదు.

"ఇంత నున్నటి పాలిష్ మన ఇంట్లో ఒక్కదానికైనా పెట్టావా పెదనాన్నా?"

"ఆటో పిలువు. ఎండగా ఉంది."

"ఆవిడకి పెళ్లి కార్డు ఇచ్చావా?"

"ఎందుకూ?"

"అడిగినదానికి చెప్పు."

"లేదు."

"తలుపుకి చెదలు పట్టలేదు కదూ?"

కామరాజు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. సుమశ్రీ ఇంకేమీ అడగలేదు. స్కూటీకి తగిలించిన సంచిలోంచి ఒక కార్డు తీసి, వెళ్ళి గేటు బాదింది.

కాసేపటికి గేటు జానెడు తెరుచుకుంది. తడి జుట్టుతో ఒక అమ్మాయి తొంగిచూసింది.

"ఆంటీ లేరని చెప్పమన్నారక్కా."

"అయితే ఉన్నారన్నమాట," అంటూ సుమశ్రీ ఆ సందులోంచే లోపలికి దూరిపోయింది.

"సుమా, వద్దు! ఇలా రా!" కామరాజు ఒక అడుగు ముందుకు వేశాడు.

ఆ అమ్మాయి ఇబ్బందిగా బోర్డు వైపు చెయ్యి చూపించింది. "అంకుల్, మగవాళ్ళు రాకూడదండీ."

గేటు మళ్ళీ మూసుకుంది.

"ఓ అన్నా! కుర్చీ జర పక్కకు జరుపవయ్యా, బండి పోవాలె!" వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు. కామరాజు కుర్చీ ఎత్తుకుని గోడ వారగా నిలబడ్డాడు. ఆటో పోయింది. సందులో దుమ్ము అణిగింది.

లోపల వసుమతి గొంతు గట్టిగా లేచింది. ఏమంటోందో తెలీలేదు. మధ్యలో సుమశ్రీ గొంతు ఒక్కసారి వినిపించింది, "ఆ తలుపుకి చెదలు పట్టలేదండీ."

తర్వాత రెండు గొంతులూ ఆగిపోయాయి. గేటు తెరుచుకోలేదు.